లీటరు కిరసనాయిలుతో వంశధార మొగ దాకా

విజయనగరంలో ఒక పెయింట్ల కొట్టుకి వెళ్ళి "వైట్ గ్యాస్ ఉందా?" అని అడిగాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "తెల్లదేటి, నల్లదేటి బావూ! గేసుకి రంగుంటాదా?" అన్నాడు. పక్కనే సున్నం డబ్బా కొంటున్న మేస్త్రీ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, నా దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకంలో స్టవ్వు నూనెల వరసలో మొదటి పేరు అదే.

నాది కర్నూలు. నీటి పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే పని చేస్తాను. పోయిన ఏడాది పాత సామాన్ల సంతలో ఒక ఇత్తడి పంపు స్టవ్వూ, ఒక పంపు లాంతరూ దొరికాయి. డేరా వేసుకుని ఆరుబయట పడుకునే సరదా నాకు ముందు నుంచీ ఉంది. ఈసారి వంశధార సముద్రంలో కలిసే చోట డేరా వేయాలనీ, వంటకీ వెలుగుకీ ఈ రెండింటినే నమ్ముకోవాలనీ అనుకున్నాను. గ్యాసు బుడ్డి పట్టుకెళ్ళకూడదు. దారిలో దొరికే నూనెతోనే గడపాలి. ఆ నూనెకి మూడు లక్షణాలు ఉండాలని కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, ఏ ఊళ్ళోనైనా దొరకాలి. రెండు, మసి పట్టకూడదు. మూడు, ప్రమాదం ఉండకూడదు. నాలుగో రోజుకి ఆ వరస తలకిందులైంది.

రథసప్తమి రద్దీ తగ్గిన వారం. ఎండ ఇంకా ముదరలేదు. స్నేహితుడి మోటారు సైకిలు అరువు తీసుకుని బయలుదేరాను.

విజయనగరం: ఉబ్బిన వాషరు

పంపు స్టవ్వు వెలిగించాలంటే ముందు దాని తల వేడెక్కాలి. తల కింద ఉండే చిన్న గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి మండిస్తే, ఆ వేడికి పైకొచ్చే కిరసనాయిలు ఆవిరై నీలం మంటతో మండుతుంది. కాబట్టి నాకు స్పిరిట్ కావాలి. పాత టాంకు లోపల తుప్పు కడుక్కోవడానికి కూడా ఏదైనా కావాలి.

"ఇది పడిందంటే పదేళ్ళ తుప్పయినా దిగాల," అంటూ కొట్టాయన స్పిరిట్ డబ్బాతో పాటు ఇంకో సీసా ఇచ్చాడు. సీసా మీద కాగితం లేదు. నేనూ అడగలేదు. పంపుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసేవాడిని, కాగితం లేని సీసాని అలా ఎలా పుచ్చుకున్నానో ఇప్పటికీ తెలియదు. లాడ్జి బాల్కనీలో కూర్చుని టాంకులో పోసి, కుదిపి, గంటసేపు ఉంచి పారబోశాను. తుప్పు నిజంగానే దిగింది. దానితో పాటు మూత కింద ఉండే రబ్బరు వాషరు నానబెట్టిన శనగగింజలా ఉబ్బి, వేలు తగిలితే జారే జిగురైపోయింది. అది రంగుల్లో కలిపే థిన్నరు. వాషరు లేకపోతే టాంకులో గాలి నిలవదు. గాలి నిలవకపోతే స్టవ్వు ఇత్తడి చెంబుతో సమానం.

ఆ రాత్రి హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్నాను, ముప్పై అయిదు రూపాయలు. మా వైపు పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాం. ఇక్కడ అల్లం పచ్చడి అంత తియ్యగా ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు. మూడుసార్లు వేయించుకున్నాను.

రాజాం: ఇస్త్రీ బల్ల కింద తెల్ల పెట్రోలు

రాజాంలో ఏ కొట్టు చూసినా వడ్ల బస్తాలూ, కాలేజీ పిల్లలే. కిరసనాయిలు ఎక్కడ దొరుకుతుందని రేషను కొట్టాయన్ని అడిగితే, "అది మా కాలం మాట నాయినా. ఇప్పుడు గేసు కదా అందరికీ. డ్రమ్ము కూడా అమ్మేసినాను," అన్నాడు. మా అవ్వ దాన్ని సీమనూనె అనేది. సీసా చెవికి తాడు కట్టుకుని వరసలో నిలబడేది. అంతమంది అన్నేళ్ళు వరసలో నిలబడి తెచ్చుకున్న వస్తువు ఇంత చప్పుడు లేకుండా వెళ్ళిపోవడం నాకు వింతగా తోచింది.

చొక్కా మీద పడిన గ్రీజు మరక చూపించడానికి డ్రైక్లీనింగ్ కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన పేరు గురువులు, నలభై ఏళ్ళుంటాయి. మరకని చూసి, ఇస్త్రీ బల్ల ఉన్న గది వదిలి, పెరట్లోకి నడిచి, అక్కడ గోడలో ఉన్న అరలోంచి ఒక డబ్బా తీశాడు. దూదితో మరక మీద అద్దాడు. నేను చూస్తుండగానే తడి మాయమైంది, మరకా మాయమైంది.

"ఇదేంటన్నా?"

"తెల్ల పెట్రోలు. పట్టు సీరలకి ఇదే వాడతాం. సీరకి తెలీకుండా వస్తాది, మరకని ఎంటబెట్టుకుని ఎల్లిపోతాది."

నా చేతి మీద ఒక చుక్క వేశాడు. మంచు ముక్క పెట్టినట్టు చల్లగా తగిలి, అంతలోనే లేకుండా పోయింది. నాకు అప్పుడు వెలిగింది. నా ఇంగ్లీషు పుస్తకంలో మొదటి పేరుగా ఉన్న వైట్ గ్యాస్ దాదాపు ఇదే. ఏ రంగూ, ఏ కలుపూ లేని తేలిక పెట్రోలు. ఏ దేశంలోనో కొండలెక్కేవాళ్ళు వాడతారని చదివిన వస్తువు రాజాంలో పట్టుచీరల మరకలు తీస్తోంది!

"బల్ల కింద పెట్టుకోవచ్చుగా, పెరట్లోకి పోతావెందుకు?" అని అడిగాను.

"ఇస్త్రీ పెట్టె ఉన్న గదిలో దీని మూత తియ్యకూడదు. ఇది నడిసి రాదు బావూ, పాకి వస్తాది. నేల మీద పాములాగ పాకి, నిప్పుని అదే ఎతుక్కుంటాది. మా నాన్న ఆ బల్ల కిందే ఎట్టేవోడు. ఆ గోడ సూడు."

గోడ మీద నడుమెత్తు దాకా నల్లటి చార ఉంది. మళ్ళీ సున్నం వేయకుండా కావాలనే అలా ఉంచాడట. తేలిక పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువనీ, నేల మీద పరుచుకుంటుందనీ నేను పరీక్ష కోసం చదివాను. ఈయన గోడ చూసి నేర్చుకున్నాడు. నా స్టవ్వు కిరసనాయిలుకి చేసింది. దానిలో ఈ నూనె పోయకూడదు. ఒక్క చుక్క కూడా కొనకుండా దండం పెట్టి వచ్చేశాను.

పొందూరు: వడకట్టే గుడ్డ

స్టవ్వు తలలో ఆవిరి వచ్చే రంధ్రం వెంట్రుక మందం ఉంటుంది. నూనెలో చిన్న నలక ఉన్నా మూసుకుపోతుంది. అందుకని నూనెని వడకట్టాలి, అందుకు మంచి నేత గుడ్డ కావాలి. పొందూరు ఖద్దరు ఎంత సన్ననిదో విన్నాను కాబట్టి, దారిలోనే కదా అని ఆగాను.

ఒక ఇంటి అరుగు మీద అరవై ఏళ్ళావిడ రాట్నం ముందు కూర్చుని ఉంది. ఆమె వేళ్ళ మధ్య నుంచి వస్తున్న దారం వెలుతురు పడినప్పుడు మాత్రమే కనపడుతోంది. నిలబడి చాలాసేపు చూశాను. ఒక్కసారీ తెగలేదు. మా ఫ్యాక్టరీలో మందం కొలిచే పరికరం ఉంది. దాన్ని తెచ్చి ఆ దారం మొదలూ చివరా కొలవాలనిపించింది, కొలిస్తే ఆ పరికరం పరువు పోతుందనీ అనిపించింది.

"ఏటి కావాల బావూ? పంచా, సీరా?"

"చిన్న ముక్క చాలమ్మా. కిరసనాయిలు వడకట్టడానికి."

రాట్నం ఆగింది. ఆవిడ లోపలికి తిరిగి, "ఓలమ్మో! ఇన్నావేటే? మన గుడ్డతో కిర్సనాయిలు వడకడతాడంట!" అని కోడల్ని కేకేసింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. "పాలు వడకట్టుకుంటానని ఒకాయన అడిగితేనే మాయత్త మూడు రోజులు అన్నం సరిగా తిన్లేదు," అంది.

తిట్లయ్యాక, మగ్గం అంచున కోసి పారేసిన జానెడు ముక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది ముసలావిడ. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "అమ్మినానంటే పాపం నాకొస్తాది. ఊరికే ఇచ్చినాననుకో, నీకే," అంది. నా స్టవ్వు కథ విని, నరసన్నపేటలో తవిటయ్య అని లాంతర్లు బాగుచేసే ఆయన ఉన్నాడని చెప్పిందీ ఆవిడే. ఆ మధ్యాహ్నం వాళ్ళ అరుగు మీదే చోడి అంబలి తాగాను. మేము రాగులంటాం, వీళ్ళు చోళ్ళంటారు. నంజుకోవడానికి ఉల్లిపాయ, ఎండు మిరపకాయ ఇచ్చారు. రెండు చెంబులు తాగి, మళ్ళీ బండెక్కి మడపాం వంతెన దాటేసరికి, కింద వంశధార ఇసకలో రెండు పాయలుగా చీలి మెరుస్తోంది.

నరసన్నపేట: గేసులైటు అన్న మాట

తవిటయ్య కొట్టు బస్టాండు వెనక ఉంది. ఒక మనిషి కూర్చుంటే ఇంకొకరు నిలబడాలి. కప్పు నుంచి పదిహేను దాకా పంపు లాంతర్లు వేలాడుతున్నాయి. కరెంటు పోయినా జనరేటర్లు వచ్చాయి కదా, వీటిని ఎవరు వాడతారని అడిగాను.

"అమ్మోరి సంబరాల్లో గరగ కుండ ముందు గేసులైట్లు ఎత్తుకునే మొక్కులుంటాయి. అమ్మోరికి బల్బు మొక్కుకోరు గదా," అన్నాడాయన. డెబ్భై దాటి ఉంటాయి. ఒక కన్ను సరిగా కనపడదు.

"తాతా, దీన్ని గేసులైటు అంటారెందుకు? ఇందులో పోసేది కిరసనాయిలు కదా? గ్యాసెక్కడుంది?"

ఆయన నా లాంతరు తీసి, పంపు రెండుసార్లు లాగి వదిలి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "కిర్సనాయిలు మండుతాదనుకుంటన్నావేటి? కిర్సనాయిలు మండదు బావూ. అది ఏడెక్కి గాలైపోతాది. ఆ గాలి మండుతాది. గాలైపోయినదే గేసు. దీపానికి వొత్తి ఉంటాది గాబట్టి దాన్ని వొత్తి దీపం అన్నారు. దీనికి గేసు మండుతాది గాబట్టి గేసులైటన్నారు."

నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి, జనం ఈ లాంతరుకి తప్పు పేరు పెట్టారనుకుంటున్నాను నేను. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. ఏ నూనె ఎంత ప్రమాదమో తేల్చేది కూడా అది ఎంత చలిలో ఆవిరి వదలడం మొదలుపెడుతుందన్న లెక్కే. పెట్రోలు మంచులో కూడా వదులుతుంది. మంచి కిరసనాయిలు మన వేసవి ఎండంత వేడెక్కితే గాని వదలదు. అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

తవిటయ్య నా స్టవ్వు మూత విప్పి, వాసన చూసి, "థిన్నరు," అన్నాడు. తిట్టలేదు. పాత లారీ ట్యూబులోంచి వాషరు కత్తిరించి బిగించాడు, పంపు తోలుకి నూనె రాశాడు. అరవై రూపాయలు తీసుకున్నాడు. ఆ తర్వాత ఒక తెల్ల డబ్బా తెచ్చాడు. ఆయనకి శ్రీకాకుళం నుంచి ఎవరో తెచ్చిపెడతారట. లీటరుకి పెట్రోలు కన్నా ఎక్కువే పడింది.

"మంచిదో కాదో ఎట్ల తెలుస్తుంది?"

ఆయన కొట్టు బయట రోడ్డు మీద మూకుడు పెట్టి, చెంచాడు నూనె పోసి, వెలుగుతున్న అగ్గిపుల్లని అందులోకి విసిరాడు. పుల్ల చుయ్యిమని ఆరిపోయింది.

"నిప్పుని ముంచేసేదే మంచి కిర్సనాయిలు. పుల్ల తగలకముందే అంటుకున్నాదా, అందులో పెట్రోలు కలిసిందన్నమాట. అది స్టవ్వులో పొయ్యకూడదు."

మండాల్సిన నూనె నిప్పుని ఆర్పేస్తే అది మంచిదని గుర్తు! ఆ మధ్యాహ్నం ఎండలో, బస్సుల హారన్ల మధ్య, ఆ మూకుడు చుట్టూ నేను రెండుసార్లు తిరిగి చూశాను. ఆ సాయంత్రం పోలాకి దగ్గర ఏటి గట్టున డేరా వేసి, ఖద్దరు ముక్కలోంచి నూనె వడకట్టి, స్టవ్వు వెలిగించాను. నీలం మంట చిన్న జలపాతంలా హోరుపెట్టింది. అన్నం పదహారు నిమిషాల్లో ఉడికింది. గిన్నె అడుగున వేలు పెట్టి చూస్తే మసి లేదు.

మొగ: కనుబొమ్మల్లేని గన్నయ్య

మర్నాడు మధ్యాహ్నానికి మొగ చేరాను. ఏరు సముద్రంలో కలిసే చోటుని ఇక్కడ మొగ అంటారు. సముద్రాన్ని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. మాకు తుంగభద్ర తెలుసు. ఎంత పొంగినా దానికి అవతలి గట్టు ఉంటుంది. ఇక్కడ అటువైపు కళింగపట్నం లైట్‌హౌసు సన్నగా కనిపిస్తోంది, మిగిలిందంతా అంతులేని నీళ్ళు. తియ్యటి నీళ్ళూ ఉప్పు నీళ్ళూ కలిసే గీత మీద అలలు అడ్డదిడ్డంగా లేస్తున్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో లెక్క లేదు. గడియారం చూసుకోకపోవడం నాకు అలవాటు లేని పని.

మొగకి ఉత్తరాన ముప్పై గడప ఉండే మత్స్యకారుల పేట ఉంది. అక్కడ ఎర్రమ్మ అనే ఆవిడ తన పాక పక్కన డేరా వేసుకోమంది. యాభై ఏళ్ళుంటాయి, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని నరసన్నపేట దాకా అమ్మి వస్తుంది. ఆమె భర్త గన్నయ్య ఫైబరు తెప్ప మీద వేటకి వెళ్తాడు. నేను వెళ్ళేసరికి ఆయన వల బాగుచేసుకుంటున్నాడు. ముఖంలో ఏదో తేడాగా ఉంది. కాసేపటికి తెలిసింది, ఆయనకి కనుబొమ్మలు లేవు.

నేను చూస్తున్నానని గమనించి ఎర్రమ్మ నవ్వింది. "సూడు బావూ, మా ఆయన్ని పెళ్ళికొడుకులాగ నున్నగా సేసేసినాది స్టవ్వు."

"తెప్ప మీద టీ కాస్తంటే భగ్గుమన్నాది," అన్నాడు గన్నయ్య. "గాలి అటు తిరిగిందిలే. గాలిదే తప్పు."

రెండు రోజుల వేటకి వెళ్తే తెప్ప మీదే వండుకోవాలి. చిన్న గ్యాసు బుడ్డి కొన్నారు గానీ, ఉప్పు గాలికి దాని మూతి తుప్పు పట్టిపోయిందట. అందుకని పాత పంపు స్టవ్వే వాడుతున్నారు. కిరసనాయిలు ఎక్కడ దొరుకుతోందని అడిగాను.

"ఎక్కడా దొరకదు. నానే తయారుసేస్తన్నాను," అంది ఎర్రమ్మ గర్వంగా.

లోపలి నుంచి ఒక సీసా తెచ్చి చూపించింది. మోటారు కోసం తెచ్చిన డీజిలు సగం, కొడుకు బండిలోంచి తీసిన పెట్రోలు సగం. "డీజిలు లావు, పెట్రోలు సన్నం. లావు నూనె పోస్తే పొగొస్తాది, సన్నది పోస్తే పేలిపోతాది. రెండూ కలిపితే మజ్జిరకం, అదే కిర్సనాయిలు. ఎవులూ సెప్పలేదు నాకు, నా బుర్రలోదే. ఇప్పుడు ఎనిమిది గడపలోళ్ళు ఇదే పోస్తన్నారు."

నేను సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూశాను. రంగు నిజంగానే కిరసనాయిలులాగే ఉంది. ఆ ఆలోచనలో తప్పెక్కడుందో ఆ క్షణాన నాక్కూడా వెంటనే చెప్పబుద్ధి కాలేదు, అంత చక్కగా ఉంది. కానీ నూనెలు కలిస్తే సగటు కావు. సన్నది తన గుణం వదులుకోదు. మర్నాడు తెల్లవారక ముందే గన్నయ్య, మరో ముగ్గురు, ఆ స్టవ్వూ, ఈ సీసా పట్టుకుని నేల కనపడనంత దూరం వెళ్తారు. ఈసారి గాలి ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు? తెప్పలో డీజిలు డబ్బా కూడా ఉంటుంది. చుట్టూ అన్ని నీళ్ళుండి పారిపోవడానికి చోటు లేదు.

"అత్తా, ఇది పోయకూడదు. పరీక్ష చేసి చూపిస్తాను," అన్నాను.

ఇసకలో, పాకలకి దూరంగా, రెండు మూకుళ్ళు పెట్టాను. ఒక దానిలో నా కిరసనాయిలు చెంచాడు, ఇంకోదానిలో ఎర్రమ్మ నూనె చెంచాడు. పేటలో సగం మంది పోగయ్యారు. అందరినీ వెనక్కి జరగమన్నాను. మొదటి దానిలోకి పుల్ల విసిరాను. చుయ్యిమని ఆరిపోయింది. రెండో పుల్లని విసిరితే అది మూకుడికి జానెడు ఎత్తున ఉండగానే భగ్గుమని పసుపుపచ్చటి మంట లేచింది.

నేను విజయగర్వంతో వాళ్ళవైపు తిరిగాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు.

"సూసినారేటి! మా ఒదిన నూనె ఎలగ అంటుకున్నాదో!" అంది ఒకావిడ.

"కొట్లో కొన్నది సచ్చు నూనె బావూ, నిన్ను మోసం సేసినారు," అన్నాడు ఒక ముసలాయన జాలిగా.

గన్నయ్య నా భుజం తట్టాడు. "బాధపడకు. సీసాడు ఇచ్చి పంపుతాంలే."

నేను చేసిన పరీక్ష వాళ్ళ నమ్మకాన్ని రెట్టింపు చేసింది. వాళ్ళది తప్పని ఎలా అనను? మండాల్సిన వస్తువు గబుక్కున మండింది. ఆ ఆవిరి లెక్కకి పుస్తకాల్లో ఉన్న పేరు, ఫ్లాష్ పాయింటు అన్న మాట, నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

జనం వెళ్ళిపోయారు. ఎర్రమ్మ పాక ముందు కూర్చుని పొద్దున వచ్చిన కవ్వళ్ళనే చిన్న చేపల్ని బుట్టలోకి ఏరుతోంది. నేను గన్నయ్య పక్కన కూలబడి, ఈసారి చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాను.

"మావా, ఈ నూనె పోసినాక పంపు ఎన్నిసార్లు కొడతావు?"

"అదే బావూ దీని గొప్ప. ఎలిగించేటప్పుడు నాలుగు కొడితే సాలు. ఆ తర్వాత కొట్టక్కర్లేదు. కాసేపటికి అదే బుస్సుమంటాది. ఎక్కువసేపు ఉంచితే మూత దగ్గర సిమ్ముతాది కూడా."

"కిరసనాయిలు పోసినప్పుడు అట్ల బుస్సుమనేదా?"

ఆయన వల కుట్టే సూది ఆపి ఆలోచించాడు. "లేదు. పది నిమిషాలకోసారి కొట్టాల్సొచ్చేది."

"నువ్వు కొట్టకుండా లోపల గాలి ఎవరు నింపుతున్నారు మావా?"

గన్నయ్య వల పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"సన్న నూనె నింపుతోంది," అన్నాను. "లావుది అట్లే కింద ఉండిపోతుంది. టాంకు కాస్త వేడెక్కగానే సన్నది ముందు గాలైపోతుంది, లోపలంతా అదే నిండుతుంది, మూత సందులోంచి చిమ్ముతుంది, మంటని తగులుకుంటుంది. నీ కనుబొమ్మలు కాల్చింది గాలి కాదు. సగం లావుది కలిసిందని సన్నదానికి తెలియదు."

ఎర్రమ్మ చేతులు ఆగాయి. బుట్టలోంచి ఒక చేపని తీసి, మొప్ప ఎత్తి చూసి, వాసన చూసి, దూరంగా విసిరేసింది. కాకి ఒకటి దాన్ని ఎత్తుకుపోయింది. ఆమె ఇంకా అటే చూస్తోంది.

"ఆ ఒక్కటీ బుట్టలో ఉండిపోతే," అంది మెల్లగా, "నూరు మంచియి ఉన్నాయి గదా అని ఎవులైనా కొంటారేటి? బుట్టంతా ఆ ఒక్కదాని కంపే కొడతాది." మొగుడి వైపు తిరిగింది. "అదన్నమాట ఇతను సెప్పేది. మంచీ సెడ్డా కలిసి మజ్జిరకం అవదు. సెడ్డదే అవుతాది."

నేను నా పుస్తకాల్లో చదివిన ఏ నిర్వచనమూ ఇంత కచ్చితంగా లేదు.

"మరి రేపు ఏటి పొయ్యాల?" అన్నాడు గన్నయ్య. అది న్యాయమైన ప్రశ్న. తప్పని చెప్పినంత మాత్రాన గంజి ఉడకదు.

నా డబ్బాలో ఇంకా ఎనిమిది వందల మిల్లీలీటర్లు ఉంది. వాళ్ళ స్టవ్వు టాంకులో ఉన్నది ఆరుబయట ఒక డబ్బాలోకి వంచేశాం. నా దానిలోంచి గుక్కెడు పోసి, కుదిపి, రెండుసార్లు కడిగాను. మూత వాషరు చితికిపోయి ఉంటే నా స్టవ్వు వాషరు తీసి బిగించాను. రెండు రోజులకి నాలుగు వంటలు, అయిదారు టీలు. గంటకి ఎంత ఖర్చవుతుందో లెక్కగడితే మిగిలింది సరిపోతుంది, జాగ్రత్తగా వాడితే. నరసన్నపేట తవిటయ్య కొట్టు గుర్తులు చెప్పాను. ఎర్రమ్మకి ఆయన తెలుసు. "ఆ ఒంటికన్ను తాతేనా? నా దగ్గర కానాగంత సేపలు కొంటాడు. మొన్న కూడా బేరమాడినాడు. కిర్సనాయిలున్నాదని సెప్పలేదే దొంగసచ్చినోడు!"

ఆ సాయంత్రం నాకు స్టవ్వూ లేదు, లాంతరూ లేదు. ఎర్రమ్మ సరుగుడు పుల్లల పొయ్యి మీద కవ్వళ్ళ పులుసు వండింది. చింతపండు, పచ్చిమిరప, ఇంకేమీ లేదు. కర్నూల్లో చేపల కూరలో మేము వేసే మసాలా అంతా ఎందుకు వేస్తామో అప్పుడు అర్థమైంది: చేప అంత తాజాగా ఉండదు కాబట్టి.

తెల్లవారి, ఒడ్డున

తూర్పు తెల్లబడుతుండగా తెప్పని నీళ్ళలోకి తోశారు. నేనూ ఒక చెయ్యి వేశాను, మోకాళ్ళ దాకా తడిసి వెనక్కి వచ్చాను. మొదటి అల తెప్పని నిలువునా లేపింది, రెండోది దాచేసింది, మూడోదాని అవతల మళ్ళీ కనిపించింది. నలుగురు మనుషులు నాలుగు గీతల్లా నిలబడి ఉన్నారు. ఆ నీళ్ళ ముందు మనుషులు ఎంత చిన్నవాళ్ళో, అయినా అటు వెళ్ళడానికి వాళ్ళకి ఎంత తక్కువ సామాను చాలో చూస్తూ నిలబడ్డాను.

అలలు దాటాక మోటారు ఆపారు. అక్కడ టీ తాగి వెళ్ళడం వాళ్ళకి అలవాటట. గన్నయ్య వంగి కూర్చోవడం కనిపించింది. ఎర్రమ్మ చేతిని కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"మంట కనపడతన్నాదేటి బావూ? నీయి కుర్ర కళ్ళు గదా."

"లేదు అత్తా."

"మునుపైతే ఇక్కడికే కనపడేది, పచ్చగా. ఎలగలేదేటి?"

"వెలిగితే నీలంగా ఉంటుంది. దూరానికి కనపడదు."

ఇద్దరం చూస్తూనే ఉన్నాం. నేను లోలోపల నిమిషాలు లెక్కపెడుతున్నాను. ఏడో నిమిషం దాటాక గన్నయ్య లేచి నిలబడ్డాడు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఏదో వెళ్ళింది. నలుగురూ తలలు వెనక్కి వంచారు.

"తాగేస్తన్నారు," అంది ఎర్రమ్మ. మోటారు మళ్ళీ మోగింది.

ఆమె చేపల బుట్ట ఎత్తుకుంటుందనుకుని సాయం పట్టబోయాను. బుట్టని అక్కడే వదిలి, కొంగు బిగించుకుని, పక్క పాక ముందుకి వెళ్ళి నిలబడింది.

"ఒసే పోలమ్మా! నాను కలిపి ఇచ్చిన నూనె ఎక్కడెట్టినావు? స్టవ్వులో పొయ్యకు."

లోపలి నుంచి నిద్ర గొంతు వచ్చింది. "అదేటొదినా? మొన్నే గదా, దీనంత మంచి నూనె లేదని నేర్పినావు?"

"మొన్న నేర్పినాను, ఇయాల మరిసిపో. సీసా ఇలాగ తే. ఇంకా ఏడు గడపలు తిరగాల నాను."